దురదగొండి పాకిన నుయ్యి

గౌరునాయుడి పెరట్లో ఆ పాడునుయ్యి ఉంది చూశారూ, దానికేసి మన ఊళ్లో మేక కూడా పోదు. మేకకేం తెలుసు అంటారేమో, దానికే తెలుసర్రా, మనకే తెలీదు. ఇలా దగ్గరికి జరగండి, చెప్తాను.

గౌరునాయుడి తమ్ముడు పాము కరిచి పోయాడు, పోతే ఆ తమ్ముడి పెళ్లాం అప్పాయమ్మ ఆ పెరట్లోనే పాక వేసుకుని ఉండేది, పెరట్లో సగం ఆవిడదే కదా మరి, అదే ఆయన కంట్లో నలుసు. ఆ ఏడు వానలకి కొండ మీంచి దురదగొండి దిగొచ్చింది. తెలుసుగా, కాయల మీద బంగారం రంగు నూగు, గాలికి రాలి ఒంటిమీద పడిందంటే చర్మం ఊడేలా గోక్కోవాల్సిందే. బీరపాదుని మింగింది, చిక్కుడు పందిరిని మింగింది, నూతి గట్టెక్కింది. కూలోళ్లెవరూ ముట్టుకోం అన్నారు. అప్పుడు గౌరునాయుడు, "నీ సగంలోంచే వచ్చింది, నువ్వే పీకు. లేదంటే పాక ఖాళీ చేసి పుట్టింటికి పో" అన్నాడు. పుట్టింట్లో ఎవరున్నారు ఆవిడకి?

తడిసినప్పుడు కోస్తే నూగు ఎగరదు, అందుకని "నాలుగు చినుకులు పడనీ బావా" అని బతిమాలిందట. కాదు, ఇవాళే అన్నాడు. మిట్టమధ్యాహ్నం, ఎండ, పడమటి గాలి. గోనె చుట్టుకుని కొడవలి పట్టింది, పట్టి మొత్తం కోసేసింది, అదీ చెప్పుకోవాలి. ఈలోగా కళ్లలో పడింది, మెడమీద పడింది, ఇక చూడు ఆ కేకలు. గుమ్మం గుమ్మానికీ పరిగెత్తి, కాస్త ఆవుపేడ పులమండమ్మా, నీళ్లు పొయ్యండమ్మా అని ఏడ్చింది. ఆ నూగు మనకంటుకుంటుందని అందరూ తలుపులేసుకున్నారు. అవునర్రా, ఈ ఊరే. కళ్లు కనపడక, నీళ్ల కోసం తడుముకుంటూ వెనక్కెళ్లి, ఆ నూతిలో పడిపోయింది.

దినం ఘనంగా చేశాడు గౌరునాయుడు. పాక పీకేసి వంగనారు నాటాడు. వంగ బతకలేదు, దురదగొండి మొలిచింది. పీకాడు, తగలబెట్టాడు, కిరసనాయిలు పోశాడు, అయినా నూతిలోంచే మళ్లీ పైకొచ్చింది. వేరు లోపలుందని, నడుముకి తాడు కట్టుకుని పట్టపగలే దిగాడు, పైన పాలేళ్లు తాడు పట్టుకున్నారు. వాళ్లు చెప్పిందే నే చెప్తున్నా. ముందు గోకుతున్న చప్పుడట, బరబరా బరబరా. ఆ తర్వాత ఆడగొంతు. కోపం లేదట అందులో, అందుకే మరీ భయమేసిందట.

"బావా, వీపు అందటం లేదు. కాస్త గోకవా?"

గబగబా పైకి లాగారు. ఒంటిమీద నూగు లేదు, దద్దురు లేదు, కానీ గోక్కోవడం ఆగలేదు. ఎముక కనపడేదాకా గోక్కున్నాడు. చేతులు మంచానికి కట్టేస్తే వీపు పట్టెకేసి రాసుకున్నాడు. అలా రాసుకుంటూనే పోయాడు. ఇప్పుడా పెరడు మొత్తం ఆయన కొడుకులదే, ఒక్కడూ కాలు పెట్టడు.

అటు పోకండి. మీ బంతి అందులో పడితే, పోయిందనుకోండి. దెయ్యం సంగతి అలా ఉంచండి, ఒళ్లు మండి కేకలేస్తే తలుపు తీసేవాళ్లు ఈ ఊళ్లో లేరు.