బెల్టు పీకించిన బండి

కుక్కా? ఏ కుక్కండీ? మీ వెనక సీట్లో కూర్చున్నది నేనేగా, నాకెక్కడా కనపడలేదే! ఇందాక వదినగారు ఫోన్లో ఒకటే జాలి. "పాపం, కుక్కని తప్పించబోయి కాలు విరగ్గొట్టుకున్నాడటగా తమ్ముడు, ఎంత మంచి మనసో!" అని. ఔనండీ, మహా మంచి మనసు అన్నాను. ఏం చెయ్యమంటారు మరి?

కదలకండి. దిండు సరిచేస్తున్నా. కట్టు కాలు కింద పెట్టొద్దన్నారు డాక్టరుగారు.

అసలు ఆ బండికి ఏం రోగమండీ? కొన్నప్పుడు లక్షణంగా బెల్టుతోనే వచ్చింది. చప్పుడు లేదు, నూనె మరకల్లేవు, నా బట్టలు శుభ్రంగా ఉండేవి. అంత పెద్ద ఇంజను, అంత జోరు, అన్నిటినీ వెనక చక్రానికి ఆ నల్ల పట్టీయే చేరవేసేది. మీకు నచ్చిందా? నచ్చలేదు. ఎందుకూ? మీ బండ్ల బృందంలో ఆ పులిగారు సెలవిచ్చారు కదా, "బెల్టు కుట్టుమిషనుకి ఉంటుంది గురూ, మగాడి బండికి చైనుండాలి" అని. కుట్టుమిషను మీద బతికే ఇంట్లో కూర్చుని, నేనిచ్చిన టీ తాగుతూ! మీరేమో ఇకిలించారు.

మర్నాడే బెల్టు పీకించి, ముందూ వెనకా పళ్ళచక్రాలు వేయించి, చైను తగిలించారు. మెకానిక్ చెప్పాడా లేదా? "చైను మంచిదేనండీ, పికప్పు అదిరిపోతుంది. కానీ చంటిపిల్లలా చూసుకోవాలి. తుడవాలి, నూనె పెట్టాలి, వదులైతే బిగించాలి" అని. మీరు తలూపారు. ఆహా, ఆ తలూపడం! వంటింట్లో కారుతున్న కొళాయికీ అలాగే ఊపారు.

వానలొచ్చి పోయాయి. చైను తుప్పెక్కి, కిందికి వేలాడి, టకటకా కొట్టుకుంటోంది. "ఏవండీ, ఏంటా చప్పుడు?" అంటే "అది పవరు, నీకు తెలీదులే" అన్నారు. కొండ మలుపులో ఆ పవరు కాస్తా పళ్ళమీంచి జారి వెనక చక్రాన్ని పట్టేసింది. అంతే! మీరొకవైపు, బండొకవైపు, నేను గడ్డిలో.

లేచొచ్చి పిలిచాను. పలకలేదు. హెల్మెట్ అద్దం ఎత్తి మళ్ళీ పిలిచాను. ఊహూఁ. పోనిద్దురూ, ఆ కాసేపు నేనేమైపోయానో మీకు చెప్పను. తీరా కళ్ళు తెరిచి మీరడిగిన మొదటి మాటేంటో గుర్తుందా? "బండికేమైంది?"

నా మోచెయ్యా? తగ్గుతోంది. ఇప్పటికైనా అడిగారు, సంతోషం.

ఏంటీ, బండి అమ్మేశానా అంటారా? అందరూ అమ్మేయమన్నారు, నిజమే. షెడ్డుకి వెళ్ళాను కూడా. అమ్మలేదు. బాగుచేయించాను. మెకానిక్ అడిగాడు, "మళ్ళీ బెల్టుకి మార్చమంటారా అమ్మా, చైనే ఉంచమంటారా?" అని.

చైనే వేయించాను. కొత్తది.

అలా చూడకండి. ఇన్నాళ్ళూ వెనక కూర్చుని మీ వీపు మీద గుద్దుతూ "మెల్లగా, మెల్లగా" అని అరిచేదాన్నా? అదంతా పైకి. ఆ చైను ఒక్కసారి గుంజినప్పుడు చూశారూ... యాక్సిలరేటరు ఇంకాస్త తిప్పితే బాగుండుననిపించేది. చెప్తే మీరు నెత్తికెక్కి కూర్చునేవారు!

రోజూ పొద్దున్నే ఆటస్థలంలో నేర్చుకుంటున్నాను. తుడవడం, నూనె పెట్టడం, నడపడం, ఇకమీదట అన్నీ నావే. తాళం కోసం వెతక్కండి. కాలు కుదురుకున్నాక మీరూ ఎక్కుదురుగాని, వెనక. భయమేస్తే అరవండి. ఆపుతానో లేదో మాత్రం చెప్పలేను.