గత్తర మందుకు పేర్లు రాసిన రోజు

"నానమ్మా, టీవీల లొల్లి ఇంటున్నవా? సర్కారు ఖర్చు మీద వైద్యం అందరికియ్యాల్నా, కొందరికేనా అని కొట్లాడుతున్నరు. మీ చిన్నప్పుడు గిసొంటియి ఉండెనా?"

ఉండె బిడ్డా, ఎందుకుండలే. దవఖాన కార్డులు లేకుండె గని లొల్లి గిదే లొల్లి. జర ఆ టీవీ బందు పెట్టు, చెప్త.

యూనియన్ మిల్ట్రీ వచ్చిన ఏడు అది. రజాకార్ల పీడ పోయిందని ఊరంత సంబురపడ్డది. మాకేం సంబురం, మా బాపు ఇంటికి రాకపాయె. బాపు సంఘపోళ్లతోని తిరిగేటోడు. దొరలకు వెట్టి చెయ్యం పో అని ఎదురు తిరిగినోళ్లు గదా, మిల్ట్రీ వాళ్లను గూడ పట్టుకపోనీకి దేవులాడబట్టె. బాపు అడివి పట్టిండు. ఇంట్ల మా అమ్మ, నేను, నా చెల్లె లచ్చి. నాకు పదేండ్లు, లచ్చికి నాలుగు... కాదు కాదు, అయిదు నిండినయి. ఇబ్రహీంపట్నం చెరువుల చేపలు పట్టి బతికేటోళ్లం. బాపు లేకపాయె గదా, బాపు అన్న, మా పెద్దబాపే వల ఏసి మాకింత ఇచ్చిపోతుండె. లచ్చి అంటే పాణం ఆయనకు. అంగడికి పోతే భుజం మీదికెళ్లి దించకపోతుండె.

గప్పుడే గత్తరొచ్చింది. కలరా అంటరు గదా మీరు, గదే. పొద్దుగాల నీళ్లకు పోయిన మనిషి పొద్దుగూకేసరికి లేదు. ఊర్లె ఏడ్వనీకి గూడ ఓపిక లేకుండె. పట్నం నుంచి సర్కారు డాక్టరు జీపుల వచ్చి చావడి ముంగట డేరా ఏసిండు. సూది ఉట్టిగనే ఏస్తడంట, ఉప్పునీళ్లు నరాలకు ఎక్కిస్తడంట. మాకు నమ్మబుద్ది కాలే. సర్కారంటే గుంజుకపోయేదే గని ఇచ్చేదాన్ని ఎన్నడు చూసినం?

ఇగ చావడి కాడ పంచాయితి మొదలైంది. మందు తక్కువొచ్చింది, ఎవరికియ్యాలె?

"శిస్తు కట్టేటోళ్లకు ముందియ్యాలె" అన్నరు కొందరు.

"గత్తరున్నది మా వాడల్ల, మందు మీకా?" అని కూలోళ్లు లేచిన్రు.

పటేలు చెయ్యెత్తిండు. "పేర్లు నేను చెప్త. సంఘపోళ్ల ఇండ్లకు మాత్రం లేదు. సర్కారు మీదికి తుపాకి పట్టినోనికి సర్కారు మందా?" అన్నడు. నువ్వు నమ్ముతవో లేదో, సగం మంది తలకాయలూపిన్రు. నిన్నటిదాంక మా బాపును అన్నా అన్నా అన్నోళ్లే!

గప్పటికే మా అమ్మ లచ్చిని ఎత్తుకొని నిలబడ్డది. పిల్ల కండ్లు లోపటికి పోయినయి. డాక్టరుకు తెలుగు సక్కగ రాకుండె, "ఎవరి పిల్ల?" అన్నడు. పటేలు మా పెద్దబాపు దిక్కు తిరిగి, "ఏంరా, నీ తమ్ముని బిడ్డనే గదా? చెప్పు, నీ పేరు గూడ సంఘపోళ్లల్లనే రాపిస్త" అన్నడు.

వారం కిందనే తమ్ముడేడని ఆయన్ను మిల్ట్రీ క్యాంపుకు గుంజుకపోయి కొట్టిన్రు, నడుము వంగుతలేకుండె. పెద్దబాపు భూమిని చూసుకుంట, "నాకు తమ్ముడు లేడు పటేలా. ఈ ఆడిదెవరో నాకెర్కలేదు" అన్నడు.

నా చెవులల్ల ఇంకా ఉన్నది ఆ మాట. మా అమ్మ లచ్చిని గట్టిగ అదుముకున్నది. నోరు తెర్సి అట్లనే ఆయన మొకం చూసింది.

గంతల చావడి ఎదురుంగున్న పటేలు ఇంటి దర్వాజ తెరుసుకున్నది. పటేలు తల్లి, ముసలామె. అప్పటిదాంక ఎన్నడు గడప దాటంగ మేమెవ్వలం చూడనే లేదు ఆమెను. ఉత్తకాళ్లతోని నడుచుకుంట వచ్చి, మా అమ్మ చేతులకెళ్లి లచ్చిని తీస్కొని, డాక్టరు బల్ల మీద పండపెట్టింది. చేపలు పట్టే బేస్తోళ్ల పిల్లను పటేలమ్మ ముట్టుడు!

"ఎవరి పిల్ల అని అడిగినవ్ గదా, నా పిల్ల. నా ఇంటి పేరు మీద రాసుకో" అన్నది.

"అమ్మా, లోపటికి నడువు!" అని పటేలు ఒర్రిండు.

"ముందు పిల్లకు ఎక్కియ్యనీ, పోత."

డాక్టరు ఆమెను చూసిండు, పటేలును చూసిండు, పేర్ల కాయితం మలిచి జేబుల పెట్టుకున్నడు. "ఎక్కువ రోగం ఎవరు... వాళ్లు ముందు, తేవాలి" అన్నడు. ఇగ ఒకరెనుక ఒకరు తెచ్చిన్రు. మందు మూడు రోజులకే ఒడిసింది, అందరికి అందలే, ఎట్ల అందుతది. లచ్చి బతికింది. ఆ ముసలామెను మాత్రం మల్ల బయట చూడలే. కొడుకు ఆమెతోని మాట్లాడుడు బందు చేసిండన్నరు.

అడివిల మిల్ట్రీకి దొరికిన బాపు ఎన్నేండ్లకో జైలు నుంచి వచ్చిండు. పెద్దబాపు వాకిట్లకొచ్చి, లోపటికి రాక, గోడ పట్టుకొని ఏడ్వబట్టిండు. బాపు ఉరికి అలుముకొని, "నేను లేకున్నా నా పిల్లల్ని సాదినవే అన్నా" అన్నడు. నేను మా అమ్మ దిక్కు చూసిన. అమ్మ నా చెయ్యి గట్టిగ పిసికి, "మీ పెద్దబాపుకు మంచినీళ్లు తే పో" అన్నది. గంతే. చావడి కాడ పెద్దబాపు అన్న మాట బాపుకు సచ్చేదాంక తెల్వదు.

ఇయ్యాల నీకే చెప్పిన. సల్లగుండు బిడ్డా, నూరేండ్లు బతుకు. ఎల్లుండి నీ పెండ్లి మాటలకు పెద్దబాపు మనుమలొస్తరు గదా... కాళ్లకు నీళ్లియ్యి, మంచిగ మాట్లాడు. వాళ్లకైతే చెప్పకు.