చివరి అంకె

అయ్యో, తెలుసండి సాజిదా మేడం! మీ పేపరు నంబరు నొక్కితే పత్తి పురుగు పేపరు తెరుచుకుంటోంది, అంతేగా? కాస్త కూర్చోండి. అటు కాదు, అక్కడికి ఫ్యాను గాలి రాదు.

మన కాలేజీ వాళ్ళ పరిశోధన పేపర్లు 4,312. ఒక్కోదానికీ ఎప్పటికీ మారని నంబరు ఒకటి, డీఓఐ. మీరంతా వాటిని ఎలా పంపారనుకున్నారు? ఒకరు మధ్యలో ఖాళీ వదిలారు. ఒకరు సున్నా బదులు ఓ కొట్టారు. రోశయ్య గారైతే ఫొటో తీసి వాట్సాప్ చేశారు! చెడిపోయినవే 618. ఈ లైబ్రరీలో నేనొక్కదాన్నే, ఏం చెయ్యను?

చాలావాటికి చివర ఫుట్‌నోటు అంకె అతుక్కుని ఉంది. అందుకని చిన్న ప్రోగ్రాం రాసి చెడినవీ మంచివీ అన్నిటి మీదా నడిపాను. నంబరు తెరుచుకోకపోతే చివరి అంకె తీసెయ్, అప్పుడు తెరుచుకుంటే అదే ఉంచెయ్. నలభై నిమిషాల్లో అయిపోయింది. ఎంత మురిసిపోయానో!

ఆ నలభై నిమిషాల్లో నెట్ పోతూ వస్తూ ఉంది మేడం. పోయినప్పుడు మంచి నంబర్లు కూడా తెరుచుకోలేదు, వాటి తోకా కోసేసింది. నెట్ వచ్చాక అవి తెరుచుకున్నాయి... వేరేవాళ్ళ పేపర్లకి. అలాంటివి ఇరవై మూడు.

మా నాన్న కోల్డ్ స్టోరేజీలో లాటు నంబరు చూసి మిర్చి బస్తా ఎత్తించరండి. మూతి విప్పి కాయ చూస్తారు. నేను తెరుచుకుందా లేదా అన్నదే చూశాను. లోపల ఎవరి పేరుందో చూడలేదు.

ఏంటీ? ప్రమోషన్ లిస్టులోంచి మీ పేరు తీసేశారా? ఒక్క పేపరు తక్కువైందనా? నల్ల తామర పురుగు మీద మూడేళ్ళు పర్చూరు చేలల్లో తిరిగి రాశారు కదండీ అది! అభ్యంతరాలకి ఆఖరు... ఇవాళ అయిదింటికా?

నంబరు ఇప్పుడే సరిచేశాను, చూడండి, మీ పేరే వస్తోంది. కానీ కమిటీ పాత జాబితా చూసి రాసుకుంది. తప్పు మాదేనని ఇక్కడి నుంచి ఉత్తరం వెళ్ళాలి.

తిట్టండి మేడం. కానీ ఇంకోటి కూడా విని తిట్టండి. నాకు ఇది ఇవాళ తెలిసింది కాదు. పదిహేను రోజులైంది. తొంభై తొమ్మిదిన్నర శాతం సరిగ్గా ఉందని రాయొచ్చు, నిజం కూడా అదే. తెలిసి కూడా నూటికి నూరు అని రిపోర్టు ఇచ్చాను. అది చూసే నా కాంట్రాక్టు ఏడాది పొడిగించారు.

ఉత్తరమా? వారం కిందే మెయిల్లో రాసి పెట్టాను. ఇరవై మూడు పేపర్లూ ఉన్నాయి, చేసింది నేనేనని కూడా ఉంది. పంపడమే కావట్లేదు.

ఇటు రండి. ఇదిగో, ఇక్కడ. మీరే నొక్కండి. నన్ను వదిలేస్తే అయిదు దాటేదాకా ఇలాగే చూస్తూ కూర్చుంటాను.