లాజిస్ నదిని మరిగించిన షవర్

మొదట్లో కరెంటు పనివాడు వాల్దెసీర్ చేతిలో ఉన్నవి రెండే అంకెలు: రెండొందల ఇరవై వోల్టులు, ఇరవై అయిదు ఆంపియర్లు. వాటితోనే పైకొచ్చేస్తానని సొంతూరు లాజిస్ నుంచి వచ్చి కురిచీబా నగరంలో బస్సు దిగాడు. ఆ ఉదయమే దోనా జెనైజి అద్దెగదుల ఇంట్లో, ఆవిడ సొంత గదికి, ఊరినుంచి తెచ్చిన, నీళ్లు వేడిచేసే కరెంటు షవర్ బిగించాడు. అది నచ్చితే మిగతా గదుల షవర్ల పనంతా అతనిదే. ఆవిడ స్నానం ముగించి వచ్చేదాకా పక్కనే ఉన్న, అడెమార్ నడిపే రొట్టెల కొట్లో కాఫీ తాగుతూ కూర్చున్నాడు. ఊరికే కూర్చోవడం మాత్రం అతనికి చేతకాదు.

"ఇదీ ఒక చలేనా అడెమారన్నా! మా లాజిస్‌లో జూలై చలికాలం వస్తే పచ్చిక గాజుముక్కల్లా విరుగుతుంది. మా మేనత్త షవర్ వేడెక్కట్లేదని ఏడుస్తుంటే వెళ్లాను. వోల్టుల్ని ఆంపియర్లతో భాగించా, ఎనిమిది పాయింట్ ఎనిమిది ఓమ్‌లు, అదీ లోపలి తీగచుట్ట నిరోధం. రెంటినీ గుణించా, అయిదువేల అయిదొందల వాట్లు. అత్తకి చాలవు. తీగని సగానికి కత్తిరించా."

"సగం తీగకి సగం వేడేగా?" అన్నాడు టాక్సీ తోలే జురాందీర్.

"అక్కడే అందరూ బోల్తా పడతారు బాబాయ్! అడ్డు సగమైతే కరెంటు రెట్టింపు. యాభై ఆంపియర్లు, పదకొండు వేల వాట్లు! ఆవిరికి పక్కింటి కప్పు మీద మంచు కరిగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వీధి వీధంతా తువ్వాళ్లతో వరస కట్టింది. మళ్లీ సగం చేశా. ఇరవై రెండు వేలు! పెరట్లో పైన్ చెట్టు గింజలు కొమ్మమీదే ఉడికి ఉప్పుతో సహా రాలాయి."

"ఉప్పెవడు చల్లాడ్రా?" అన్నాడు అడెమార్.

"అత్త కన్నీళ్లన్నా, ఆనందం పట్టలేక!"

"మరి ఫ్యూజు?" అన్నాడు జురాందీర్.

"నన్ను చూసి సిగ్గుపడి తప్పుకుంది. చివరికి గోరంత తీగ మిగిలింది. ఓమ్‌లో పదోవంతు. రెండువేల రెండొందల ఆంపియర్లు, నాలుగు లక్షల ఎనభై నాలుగు వేల వాట్లు! వాడిన నీళ్లు కలిసి నది మరిగింది. గొర్రెలు తమ ఉన్ని తామే విప్పి కంచెమీద ఆరేసుకున్నాయి!"

తలుపు తెరుచుకుంది. తలకు తువ్వాలు, ఒంటిమీద ఓవర్‌కోటు, చెవి పక్కన సబ్బు నురగ. దోనా జెనైజి పళ్లు టకటకలాడుతున్నాయి.

"నది మరిగించావా నాయనా?"

"మరిగించానమ్మా," అన్నాడు ఛాతీ విరుచుకుని.

"వేడంతా కథకే ఖర్చుపెట్టి నాకు చలి మిగిల్చావా?"

జురాందీర్ బల్ల చరిచి నవ్వాడు. "ఒరే, ఇక్కడి గోడల్లో ఎన్ని వోల్టులో ఎవర్నైనా అడిగావా?"

"రెండొందల..."

"నూట ఇరవై ఏడు," అన్నాడు అడెమార్. "లాజిస్ నుంచి షవర్ చంకన పెట్టుకొచ్చే ప్రతివాడూ ముందు ఒక ఇల్లాలిని వణికిస్తాడు."

వాల్దెసీర్ మనసులో భాగించాడు, గుణించాడు. "పద్నాలుగు ఆంపియర్ల చిల్లర... పద్దెనిమిది వందల ముప్పై వాట్లు. మూడోవంతే." ఈసారి ఒక్క వాటు కూడా పెంచలేదు.

"మరి నా గదులు?" అంది దోనా జెనైజి.

"మధ్యాహ్నం మళ్లీ స్నానం చేసి చెప్పండమ్మా." పనిముట్ల సంచీ భుజానికి తగిలించుకున్నాడు. "ఇక్కడ తీగచుట్ట కత్తిరించి అదే వేడి రప్పిస్తే నలభై మూడు ఆంపియర్లు లాగుతుంది. ముందు మీ గోడలో తీగ అంత కరెంటు మోసేంత లావుందో లేదో చూడాలి. పదండి."