లాకరున్న జీపు ఎక్కిన గుట్ట

మెకానిక్ ఫోను చేతిలో పట్టుకుని నిలబడ్డాడు కానీ ఇంకా నంబరు నొక్కలేదు. నొక్కితే అవతల విడిభాగాల కొట్టువాడు ఒక్కటే అడుగుతాడు: లాకరా, లిమిటెడ్ స్లిప్పా? ఆ మాట చెప్పవలసిన నర్సమ్మ షెడ్డు ముందు బెంచీ చివర సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నానికి కొట్టు మూసేస్తారు.

ఆవిడ గుట్ట మీది ఆస్పత్రికి బదిలీ మీద వచ్చి నాలుగు నెలలు, ఇల్లూ ఆ ఆవరణలోనే. నిన్న పిల్లలిద్దరినీ బడి నుంచి తీసుకొస్తుంటే బురద మలుపులో వెనక చక్రం ఒకటి ఉన్నచోటే గిర్రున తిరిగింది, చిన్న జీపు రెండు గజాలు వెనక్కి జారింది. పిల్లలు అది ఆట అనుకుని ఇంకోసారి చేయమన్నారు. ఈ పొద్దున్నే ఆవిడ బండిని షెడ్డుకు తెచ్చింది.

"ఇంకోసారి చెప్తానక్కా," అన్నాడు మెకానిక్. "మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. అందుకే రెండింటి మధ్య డిఫరెన్షియల్ ఉంటుంది. దాంతో చిక్కేమిటంటే, ఒక చక్రానికి నేల పట్టు పోయిందా, అది ఊరికే తిరుగుతుంది, రెండోది కదలదు. లిమిటెడ్ స్లిప్ వేస్తే రెండోదానికీ కొంత బలం అందుతుంది. లాకరైతే రెండింటినీ కలిపి కట్టేసినట్టు తిప్పుతుంది."

"నా బండికి ఏది మంచిది?"

మెకానిక్ నోరు తెరిచేలోపే బెంచీ అవతలి చివర సర్వేయరు గొంతు సవరించుకున్నాడు. బ్రేకుల పని కోసం ఆయన జీపు లోపల స్టాండ్ల మీద ఉంది, వెనక చక్రాలు రెండూ గాల్లో. అది దిగేదాకా ఆయనకు వేరే పనిలేదు. పక్కనే ఉన్న పాత లారీ డ్రైవరు ఆ గొంతు విని, టీ గ్లాసు కింద పెట్టి కాళ్లు చాపుకున్నాడు.

"లాకరేనమ్మా. ఇందులో ఆలోచించడానికేముంది? నా జీపుకి ఉన్నదదే. వేరే ఊళ్లో వేయించాను, ఈ అబ్బాయికి తెలియదు. స్విచ్చు కూడా లేదు, దానంతట అదే పట్టుకుంటుంది. పోయిన వానాకాలం మీ గుట్టకే వచ్చాను, ఆస్పత్రి వెనక స్థలం కొలవడానికి. మీరు జారారే, ఆ మలుపే. పిక్కల లోతు బురద. నేను గొప్పలు చెప్పుకునేవాణ్ని కాదు, మామూలుగా ఎక్కాను. ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో అరటిపండు."

"మరి గేరు?" అన్నాడు లారీ డ్రైవరు.

"పండు అయిపోయాక మార్చానన్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సగం దారిలో ఇసుక లారీ, ఇరుసు దాకా దిగబడి ఉంది. డ్రైవరు తల పట్టుకుని కూర్చున్నాడు. తాడు కట్టరా అన్నాను. సార్, మీ జీపు పిల్లలాడుకునే బొమ్మలా ఉంది అన్నాడు. కట్టి మాట్లాడు అన్నాను. క్లచ్చు ఇలా వదిలాను, ఇదిగో ఇలా, నిద్రపోతున్న పసిబిడ్డను పక్క మీద దింపినట్టు. లారీ వచ్చేసింది. అయితే దాని వెనక ఇంకో లారీ కట్టి ఉందట, వాడు నాతో అనలేదు. దాని వెనక నీళ్ల ట్యాంకరు. ట్యాంకరు వెనక రోడ్డు రోలరు. అద్దంలో చూస్తే రైలు."

"రోలరు కూడా దిగబడిందా సార్?" అన్నాడు మెకానిక్.

"బరువు కదా నాయనా, అది దిగబడకపోతే ఇంకేది దిగబడుతుంది?"

నర్సమ్మ సంచీలోంచి చిన్న నోటుపుస్తకం తీసింది. అందులో ప్రశ్నలు రాసుకుని వచ్చింది. "సర్వేయరు గారూ, మరి బండి ఆ మలుపు ఎలా తిరిగింది? లాకరుంటే తేలిక బండి జారుడు నేల మీద తిరగనంటుందని, నేరుగా పోతుందని చదివాను. మా మలుపుకి అవతల లోయ."

"ఒంటి వేలితో తిప్పానమ్మా. అసలు విషయం అది కాదు, ఇప్పుడు వినండి. ఆ రైలుతో సహా పైకి పోతున్నాను కదా, యాక్సిలేటరు ఎంత తొక్కినా జీపు ఉన్నచోటే ఉంది. చెట్లు మాత్రం వెనక్కి పోతున్నాయి. ఇదేమిటా అని దిగి చూశాను."

"నడుస్తున్న బండిలోంచా తమ్ముడూ?"

"బండెక్కడ నడిచిందన్నా? నడిచింది రోడ్డు. లాకరు పట్టు అంత గట్టిది. రెండు చక్రాలూ కలిసి రోడ్డును చాప లాగినట్టు లాగి వెనక మడతలు పెడుతున్నాయి. నేను పక్కన నిలబడి చూస్తూ ఉన్నాను. ఆస్పత్రి దానంతట అది దిగి వచ్చి, గేటు సరిగ్గా నా బంపరు ముందు ఆగింది. లోపల్నుంచి కాంపౌండరు తొంగిచూసి, సార్, మీరొచ్చారా, మేమొచ్చామా అన్నాడు."

"మా కాంపౌండరు ఈ సంగతి ఎప్పుడూ అనలేదే."

"ఆయన కాదమ్మా, అంతకు ముందాయన. ఆ దెబ్బకే బదిలీ పెట్టుకున్నాడు."

"రోడ్డు కూడా నాకేం పొట్టిగా అనిపించదు."

"మీరు కొత్తగా వచ్చారు, పాతది ఎంత పొడుగో మీకెలా తెలుస్తుంది? నేను సర్వేయర్ని, కొలవకుండా మాట అనను. మర్నాడు గొలుసు వేసి కొలిచాను. ఆరు కిలోమీటర్లు ఉండాల్సింది నాలుగున్నర తేలింది. కిలోమీటరు రాళ్లు రెండు పక్కపక్కనే నిలబడి మొహామొహాలు చూసుకుంటున్నాయి. పటం మార్చమని ఆఫీసుకు రాశాను. వాళ్లేం రాశారో తెలుసా? ఇక మీదట ఆ జీపును సరిహద్దు దగ్గరికి తీసుకుపోవద్దు, అవతలివాళ్లు గొడవకొస్తారు అని."

లారీ డ్రైవరు మోకాలు రాసుకున్నాడు. "మా ఇల్లు ఇక్కడికి కాస్త దూరం. నడవలేకపోతున్నాను. ఒకసారి అటు వచ్చి కాస్త దగ్గరికి జరిపిపెట్టు తమ్ముడూ."

"తీరిక చూసుకుని వస్తానన్నా. ఇల్లు ఒక్కటే చాలా, వీధంతానా?"

మెకానిక్ నవ్వు ఆపుకోలేక లోపలికి తిరిగాడు. నర్సమ్మ నవ్వలేదు. పుస్తకంలో ఆవిడ ప్రశ్నలు ఐదూ అలాగే ఉన్నాయి.

"మీ మాట కాదనను సర్వేయరు గారూ. కానీ కళ్లతో చూడనిదాన్ని నమ్మి పిల్లల్ని ఎక్కించలేను. మీ బండి ఇక్కడే ఉంది కదా, ఆ లాకరు ఎలా పట్టుకుంటుందో ఒకసారి చూపిస్తారా?"

"అది లోపలెక్కడో నూనెలో ఉంటుందమ్మా. కనపడదు."

"చూడొచ్చక్కా," అన్నాడు మెకానిక్. "బండి న్యూట్రల్లోనే ఉంది. ఒక చక్రం చేత్తో తిప్పండి. లాకరుంటే రెండోదీ దాంతోపాటే తిరుగుతుంది. లేకపోతే ఎదురు దిక్కుకు తిరుగుతుంది."

"గ్రీజు అంటుకుంటుందమ్మా, వద్దు."

"పర్వాలేదండీ, రోజుకు పదిసార్లు చేతులు కడుక్కునే ఉద్యోగమే నాది."

ఆవిడ చక్రం పక్కన గొంతుకూర్చుంది. లారీ డ్రైవరు మోకాళ్ల సంగతి మరిచిపోయి లేచి అవతలి పక్కకు వెళ్లాడు.

"ముందుకే తిప్పుతున్నావా అమ్మా?"

"ముందుకే బాబాయి గారూ."

"ఇది వెనక్కి తిరుగుతోంది."

ఆవిడ వెనక్కి తిప్పి చూసింది. అవతలి చక్రం ముందుకు తిరిగింది. పొరపాటేమోనని ఇంకో రెండుసార్లు తిప్పింది. ఆ రెండుసార్లూ అంతే.

"రోడ్డు మడతపడినప్పుడు లోపల ఏదో పన్ను విరిగి ఉంటుంది," అన్నాడు సర్వేయరు. ఈసారి ఆ మాటను అక్కడితో వదిలేశాడు.

నర్సమ్మ చేతులు గుడ్డకు తుడుచుకుంటూ వచ్చి ఈసారి ఆయన పక్కనే కూర్చుంది. "మిమ్మల్ని తప్పు పట్టాలని చేయలేదండీ. మీ బండీ నా బండిలాంటిదే అని తేలింది, అంతే. మరి వానలో ఆ మలుపు దగ్గర నిజంగా ఏం చేశారు? నాకు అది కావాలి. రేపు మళ్లీ వాన అంటున్నారు."

సర్వేయరు తన ఖాళీ టీ గ్లాసులోకి చూశాడు. "ఎక్కలేదమ్మా. మలుపు కిందే ఆపేశాను. సామాను భుజాన వేసుకుని నడిచి వెళ్లాను. రెండుసార్లు పడ్డాను." కొంచెం ఆగాడు. "మూడుసార్లు."

"సరిగ్గా ఎక్కడ ఆపారు?"

"తూము దాటగానే ఎడమ పక్క రాతికట్టు ఉంటుంది. దాని పక్కన నేల గట్టిది, ఎంత వానకీ దిగబడదు."

"అక్కడి నుంచి ఆస్పత్రికి?"

"రెండు వందల పది మీటర్లు. టేపు పెట్టి కొలిచాను."

ఆవిడ రాసుకుంది. పెద్దపిల్ల నడుస్తుంది, చిన్నవాణ్ని ఎత్తుకోవాలి, బడి సంచులు తర్వాత వచ్చి తీసుకోవచ్చు అని లోలోపల లెక్క చూసుకుంది.

"అక్కా, కొట్టు మూసేస్తారు."

"నువ్వు ఏదంటావు? దాచకుండా చెప్పు."

"ఈ తేలిక బండికి, ఆ మలుపుకి, లిమిటెడ్ స్లిప్. కానీ నేల పూర్తిగా జారుతుంటే అది కూడా కాపాడదక్కా."

"అదే చెప్పు ఫోనులో. గట్టి వాన పడితే కింద ఆపి నడుస్తాం." మెకానిక్ నంబరు నొక్కాడు. ఆవిడ మళ్లీ సర్వేయరు వైపు తిరిగింది. "ఆ రాతికట్టు పక్కన చోటెంత ఉంటుందండీ?"

"చోటుకేమమ్మా, నలభై లారీలు వరసగా..."

లారీ డ్రైవరు ఆయన వైపే చూస్తున్నాడు. నర్సమ్మ పెన్సిలు కాగితం మీద ఆనించి ఆగింది.

"నాలుగు జీపులు."

పెన్సిలు కదల్లేదు.

"ఒకటేనమ్మా," అన్నాడు సర్వేయరు. "అది కూడా, ఎడమ అద్దం మడిచి పెట్టుకోవాలి."

ఆవిడ అద్దం సంగతి కూడా రాసుకుంది.