ఎనభై ఒక్క బస్తాలు

రోడా టీ కొట్టు ముందు బెంచీ మీద కూర్చుని నాంజలా ఫోన్లో చిక్కు లెక్కలు సాధన చేస్తోంది. మర్నాడు పది గంటలకి నైరోబీ కంపెనీలో ప్రోగ్రాములు రాసే ఉద్యోగానికి ఇంటర్వ్యూ. ఇప్పటికే రెండు చేజారాయి, లెక్క రాక కాదు. అక్కడ ప్రతి అడుగూ పైకి చెబుతూ చెయ్యాలి. నలుగురు చూస్తుంటే ఈ పిల్లకి నోరు పెగలదు. ఇదీ పోతే కిటాలే మార్కెట్లో పిన్ని కొట్టు చూసుకోవడమేనని ఇంట్లో తేల్చేశారు.

"ఏం లెక్కే అది?" అన్నాడు ఆమె తాత మకోఖా, నూనెలో వేయించిన మందాజీ నములుతూ. ముప్పై ఏళ్లు ఆ మార్కెట్లో బస్తాలు మోసిన ముసలాయన.

"తొమ్మిది బంతులు తాతా. ఒకటి బరువెక్కువ. రెండు తూకాల్లో పట్టుకోవాలి."

"ఓస్, అంతేనా. నేను మొక్కజొన్న బస్తాలతోనే చేశాను. తొమ్మిదింట్లో ఒకదాంట్లో ఎవడో రాళ్లు కలిపాడు. మూడు ఇటేశాను, మూడు అటేశాను, రెండో తూకానికి దొంగ బస్తా దొరికిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ కబురు విని ఎల్గాన్ కొండ అవతల నుంచి ఎనభై ఒక్క బస్తాలు తెచ్చి నా ముందు దింపారు. వాటికీ రెండే తూకాలు."

"త్రాసు విరగలేదా?" అన్నాడు మోటారుసైకిలు తోలే కిబెట్.

"విరిగింది. అందుకని ఈ చేత్తో నలభై, ఆ చేత్తో నలభై ఎత్తాను."

"మరి ఆ మిగిలిన ఒక్కటీ?" అంది రోడా.

"నెత్తి మీద. సరిగ్గా అప్పుడే కంపెనీ వాళ్లు కారు దిగారు. మా కంప్యూటరు నెల్లాళ్లుగా ఈ లెక్క మీదే మూలుగుతోంది, మీరే దిక్కన్నారు. బొగ్గుముక్క తీసుకుని గోడ మీద ప్రోగ్రాం రాసి పారేశాను."

"చేతుల్నిండా బస్తాలేగా?" అన్నాడు కిబెట్.

"కాలితో రాశాన్రా. కరెంటు రాకముందే అది పని మొదలెట్టింది. కంప్యూటరు లేచి నిలబడి దండం పెట్టి..."

"కుదరదు," అంది నాంజలా.

"దండమా?"

"ఎనభై ఒకటి రెండు తూకాల్లో తేలదు తాతా." ఫోను పక్కన పడేసి, బెంచీ పక్కన పడున్న సోడా మూతలు తొమ్మిది ముందుకి లాక్కుంది. "ఒక్కో మూతా తొమ్మిది బస్తాలనుకో. మూడు మూతలు ఇటు, మూడు అటు, మూడు కింద. ఎటు మొగ్గితే అటుంది రాళ్ల బస్తా. మొగ్గకపోతే కిందున్న వాటిలో ఉంది. ఒక తూకంతో ఇరవై ఏడు మిగిలాయి. రెండో తూకంతో తొమ్మిది, మూడో తూకంతో మూడు, నాలుగోసారి ఒకటి. రెండన్నావంటే కోతలే."

"నూరు బస్తాలైతే?" అన్నాడు కిబెట్.

"అయిదు తూకాలు," అంది వెంటనే, ఎందుకో కూడా చెప్పింది. చెప్పాక తలెత్తి చూస్తే టీకి వచ్చినవాళ్లు ఏడెనిమిది మంది చుట్టూ నిలబడి వింటున్నారు. చెప్పాల్సిందంతా అప్పటికే చెప్పేసింది.



"ఆ మొదటి తొమ్మిదైనా నిజమేనా తాతా?" అంది మెల్లగా.

ముసలాయన ఖాళీ గ్లాసు బెంచీ మీద పెట్టాడు.

"బస్తాలు నిజమే. ఉపాయం మీ అవ్వది, మోసింది నేను. పాపం, అది నలుగురిలో నోరు విప్పేది కాదు. అదిప్పుడు లేదు, దాని లెక్క నా పేరు మీద తిరుగుతోంది." నాంజలా తల నిమిరాడు. "రేపు నీది నువ్వే చెప్పుకో తల్లీ."