పాసు ముందే కొన్నావిడ

అమెరికాలోని ఒహాయోలో ఒక మందుల షాపు. సిటీ బస్సు నడిపి రిటైరైన పెద్దావిడ తన షుగరు ఇంజెక్షన్లు అందుకుని పర్సు తెరిచింది.

"ఇవాళ మీరేమీ ఇవ్వక్కర్లేదమ్మా," అన్నాడు కౌంటర్లో కుర్రాడు.

"మెల్లగా మాట్లాడు, బాబూ. వెనక మా చర్చికొచ్చే డెలోరిస్ నిలబడింది. నాకు ఊరికే ఇచ్చావని వింటే ఆదివారానికల్లా చర్చిలో అందరికీ చెప్పేస్తుంది."

"కంప్యూటర్ సున్నా చూపిస్తోందమ్మా, నేనేం చెయ్యను?"

"దాన్ని బాగు చేయించు. పోయిన నెల దాకా డబ్బులు తీసుకున్నారుగా. టికెట్ లేనివాళ్లని నా బస్సే ఎక్కనివ్వలేదు, నేను ఊరికే తీసుకుంటానా?"

"పెద్దవాళ్లకి సర్కారిచ్చే మెడికేర్ మందుల బీమాలో ఏడాదికి ఇంతకు మించి కట్టక్కర్లేదని ఒక హద్దుంది. మీరు ఆగస్టుకే అక్కడిదాకా కట్టేశారు. ఇక డిసెంబరు చివరిదాకా ఈ మందుకి మీరు కట్టేదేమీ లేదు."

"అంటే ఎవరో జాలిపడి ఇచ్చేది కాదన్నమాట."

"కాదమ్మా. మీ బస్సు పాసు లాంటిదే. డబ్బు ముందే కట్టారు, ఇప్పుడు దర్జాగా ఎక్కుతున్నారు."

ఆవిడ పర్సు మూసి, నడుం నిటారుగా పెట్టింది.

"ఆ పాసు మాట మళ్లీ చెప్పు, బాబూ. ఈసారి గట్టిగా. డెలోరిస్‌కి సరిగ్గా వినబడదు."